పాత సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్‌ని బ్రౌజర్‌లో నడపాలి, మూడు ఫైళ్లొచ్చాయి, ఏది ఏం చేస్తుందో చెప్పండి

లంగరు (సోమవారం, రాత్రి 10.42)

అందరికీ నమస్కారం. గాజువాకలో ఉంటాను. పోర్టు దగ్గర ఓ చిన్న సర్వే ఆఫీసులో ప్రోగ్రామర్ని. ప్రోగ్రామర్ అంటే నేనొక్కణ్నే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు.

మా దగ్గర డ్రాఫ్ట్ సర్వే ప్రోగ్రామ్ ఒకటుంది. 2009లో నాకంటే ముందున్నాయన సీ ప్లస్ ప్లస్‌లో రాశారు, దగ్గర దగ్గర ఇరవై వేల లైన్లు. ఓడ నీళ్లలో ఎంత లోతుకి దిగిందో ఆరు చోట్ల చదివి ఆ అంకెలు ఇస్తే, లోపల ఎన్ని టన్నుల సరుకుందో తేలుస్తుంది. విండోస్ ఎగ్జీ. నల్ల తెర మీద ఒక్కో ప్రశ్నే అడుగుతుంది, మనం అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి.

ఇప్పుడు మా సర్వేయర్లకి ట్యాబ్లెట్లు ఇచ్చారు. అదే ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో తెరుచుకోవాలని మా బాసు ఆర్డరు. తిరగ రాయడానికి ఒప్పుకోవట్లేదు. ఇన్నేళ్లుగా ఆ లెక్క మీదే సర్టిఫికెట్లు ఇస్తున్నాం మరి. సీ ప్లస్ ప్లస్‌ని బ్రౌజర్‌లో నడిచేలా మార్చే కంపైలర్, ఎమ్‌స్క్రిప్టెన్ అని ఒకటుందని చదివి కంపైల్ చేశాను. ఒక్క ఎర్రర్ లేదు, ఎగిరి గంతేశాను. తీరా హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే తెల్ల పేజీ! దాంతోపాటు ఒక జావాస్క్రిప్ట్ ఫైలు, ఒక వాస్మ్ (వెబ్ అసెంబ్లీ) ఫైలు వచ్చాయి. అసలీ మూడూ కలిసి ఎలా నడుస్తాయో ఎవరైనా చెబుతారా?

కోడ్ పకోడి (సోమవారం, రాత్రి 10.55)

డబుల్ క్లిక్ చేస్తే రాదు తమ్ముడూ. డిస్కులోంచి నేరుగా తెరిచిన పేజీ ఇంకో ఫైల్ని తెచ్చుకోబోతే బ్రౌజర్ ఒప్పుకోదు. పైథాన్ ఉంటే దాంతో వచ్చే చిన్న సర్వర్ని ఆ ఫోల్డర్‌లో లేపి, లోకల్‌హోస్ట్‌లో తెరువు. తర్వాత అసలు సర్వర్‌లో పెట్టినప్పుడు వాస్మ్ ఫైలుకి మైమ్ టైపు (ఇది ఏ రకం ఫైలో బ్రౌజర్‌కి చెప్పే ముద్ర) అప్లికేషన్ స్లాష్ వాస్మ్ అని వెళ్తోందో లేదో చూసుకో. అది తప్పితే దిగుతూ ఉండగానే కంపైల్ చేసే దారి పనిచెయ్యదు, కన్సోల్‌లో హెచ్చరిక పడుతుంది.

లంగరు (సోమవారం, రాత్రి 11.20)

థాంక్స్ అన్నా, తెరుచుకుంది. కానీ నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. ఖాళీ పాపప్ పెట్టె ఒకటొచ్చి "ఇన్‌పుట్" అంటుంది. దేని ఇన్‌పుట్? చెప్పదు. అంకె కొడితే ఇంకో పెట్టె. మొత్తం ఇరవై మూడు పెట్టెలు. ఇరవై మూడోది అయ్యాక, అప్పటిదాకా అడగాల్సిన ప్రశ్నలన్నీ కన్సోల్‌లో ఒకే లైనుగా వచ్చి పడ్డాయి. మధ్యలో క్యాన్సిల్ నొక్కితే ప్రోగ్రామ్ ముగిసిపోతోంది.

కోడ్ పకోడి (సోమవారం, రాత్రి 11.24)

పరీక్ష రాసేశాక ప్రశ్నపత్రం ఇచ్చినట్టుంది.

రుషికొండ గాలి (మంగళవారం, ఉదయం 7.10)

ఆ పెట్టెలు తప్పేం కాదు, నీ ప్రోగ్రామ్ అడిగిందే జరిగింది. సీ-ఇన్ నుంచి చదవమన్నావు. బ్రౌజర్‌లో కీబోర్డ్ ముందు కూర్చుని ఎదురుచూసే నల్ల తెర లేదు, అందుకని ఎమ్‌స్క్రిప్టెన్ ప్రాంప్ట్ పెట్టెతో సరిపెట్టింది. నీ ప్రశ్నల చివర కొత్త లైను గుర్తు లేదు కాబట్టి అవి లోపలే పోగుపడి, లైను ముగిశాకే బయటికొచ్చాయి.

ఇప్పుడు ఆ మూడు ఫైళ్ల సంగతి. హెచ్‌టీఎమ్‌ఎల్ ఉత్త గుమ్మం, దాన్ని వదిలెయ్. నీ ఇరవై వేల లైన్లూ ఉన్నది వాస్మ్ ఫైల్లో. అది ఇంటెల్ మెషీన్ కోడూ కాదు, ఏఆర్‌ఎమ్ కోడూ కాదు. ఏ చిప్‌కీ చెందని ఓ ఊహా యంత్రానికి రాసిన బైనరీ. హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడు: మొదటి బైటు సున్నా, తర్వాత మూడు బైట్లు ఏ, ఎస్, ఎమ్ అక్షరాలు, ఆపైన నాలుగు బైట్లు వెర్షన్ నంబరు. అక్కణ్నుంచి విభాగాలు మొదలవుతాయి: ఫంక్షన్ల టైపులు, బయట్నుంచి కావాల్సినవాటి జాబితా, బయటికిచ్చేవాటి జాబితా, కోడు, మొదట్లో మెమరీలో నింపాల్సిన డేటా. బ్రౌజర్ దీన్ని నీ ట్యాబ్లెట్ చిప్‌కి తగ్గ మెషీన్ కోడ్‌గా మార్చుకుంటుంది. క్రోమ్‌లో లిఫ్టాఫ్ అనే కంపైలర్ ముందు గబగబా ఓ నాసిరకం కోడు తయారుచేసి పని మొదలెట్టిస్తుంది. టర్బోఫ్యాన్ వెనక నిదానంగా మంచి కోడు తయారుచేసి దాని స్థానంలో పెడుతుంది.

అసలు కథంతా జావాస్క్రిప్ట్ ఫైల్లో ఉంది. దాన్నే గ్లూ కోడ్ అంటాం. వాస్మ్‌కి తనంతట తను ఏదీ చేతకాదు. ఫైలు తెరవలేదు, టైమెంతో తెలుసుకోలేదు, తెర మీద ఒక్క అక్షరం రాయలేదు. నువ్వు పోర్టు మనిషివి కాబట్టి అలాగే చెబుతాను. వాస్మ్ మాడ్యూల్ అంటే యాంకరేజ్‌లో లంగరేసి ఉన్న ఓడ. లోపల ఇంజిన్ బ్రహ్మాండంగా నడుస్తుంది, కానీ సిబ్బంది ఒడ్డున కాలు పెట్టాలంటే పాస్ ఉండాలి, పడవ రావాలి. ఆ పాసుల జాబితాయే ఇంపోర్ట్ విభాగం. పడవ గ్లూ కోడ్. జాబితాలో లేని పని ఆ మాడ్యూల్ ఛస్తే చెయ్యలేదు.

రెండో విషయం మెమరీ. మాడ్యూల్‌కి ఒక్కటే పొడవాటి బైట్ల వరస ఉంటుంది, 64 కిలోబైట్ల పేజీల లెక్కన పెరుగుతుంది. మెమరీలో చోటు అడిగే నీ మాల్లాక్ తీసుకునేది, నీ గ్లోబల్ వేరియబుల్స్, నీ లోకల్ ఎరేలు, అన్నీ అందులోనే. సీ పాయింటర్ అంటే ఆ వరసలో ఎన్నో బైటో చెప్పే అంకె, అంతే. జావాస్క్రిప్ట్ వైపు నుంచి చూస్తే అదే వరస ఒక ఎరే బఫర్. అంటే రెండు వైపులా ఒకే గోడౌన్, రెండు తలుపులు.

కంపైల్ చెయ్యడం పూట పని. ఏది ఇటు, ఏది అటు అని గీత గియ్యడమే నీకు మూడు వారాలు పడుతుంది. మెయిన్ ఫంక్షన్ని పడగొట్టు. ప్రశ్నలడగడం, జవాబు చూపించడం పేజీకి వదిలెయ్. లెక్క కట్టే ఫంక్షన్ ఒక్కటే బయటికివ్వు.

లంగరు (మంగళవారం, ఉదయం 9.35)

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు దండం. మెయిన్‌ని ఉంచేసే దారేదీ లేదా? లెక్క మధ్యలో కూడా ప్రశ్నలడుగుతుంది. బల్లాస్ట్ ట్యాంకుల (ఓడ నిలకడకి నీళ్లు నింపేవి) దగ్గరికొచ్చేసరికి "ఇంకా ట్యాంకులున్నాయా" అని లూపులో అడుగుతుంది.

రుషికొండ గాలి (మంగళవారం, మధ్యాహ్నం 1.15)

ఉంది. అసింకిఫై అని ఒక ఆప్షన్. నడుస్తున్న సీ కోడ్‌ని మధ్యలో ఆపి, దాని స్థితినంతా మెమరీలో దాచి, బ్రౌజర్‌కి దారిచ్చి, జవాబొచ్చాక మళ్లీ అక్కణ్నుంచే లేపుతుంది. బ్రౌజర్ ట్యాబ్‌లో పేజీని గీసేదీ, నొక్కులు వినేదీ, నీ కోడు నడిపేదీ ఒకే థ్రెడ్. నువ్వు లూపులో కూర్చుంటే పేజీ బిగుసుకుపోతుంది. అందుకే ఈ తంటా. కాకపోతే అసింకిఫైతో ఫైలు లావెక్కుతుంది, వేగం తగ్గుతుంది. గేములవాళ్లది వేరే దారి, తమ లూపుని ఎమ్‌స్క్రిప్టెన్‌కి అప్పగిస్తే ఒక్కో ఫ్రేముకీ ఒకసారి పిలుస్తుంది. నీది గేమ్ కాదు, ఫారం. ప్రశ్నలన్నీ ముందే పేజీలో అడిగెయ్.

చిన వాల్తేరు (మంగళవారం, సాయంత్రం 6.02)

మధ్యలో వచ్చి అడ్డు తగులుతున్నా, ఏమనుకోకండి. డ్రాఫ్ట్ సర్వే అంటే ఏముంది? ముందు, మధ్య, వెనక సగటులు, ఒక పట్టికలో వెతుకులాట, నీటి సాంద్రత సవరణ. జావాస్క్రిప్ట్‌లో మూడొందల లైన్లు. జావాస్క్రిప్ట్ అంకెలు కూడా 64 బిట్ల డబుల్సే. ఉడతని కొట్టడానికి ఫిరంగి ఎందుకండీ?

డాల్ఫిన్ నోస్ (మంగళవారం, రాత్రి 8.30)

చిన వాల్తేరు గారూ, నాకు ప్రోగ్రామింగ్ రాదు, ఓడలెక్కి దిగడం ఒక్కటే వచ్చు. ఆ మూడొందల లైన్లలో ఏటేటి ఉండాలో చెప్తాను, రాసుకోండి. ముందు, వెనక, మధ్య, రెండేసి వైపులా ఆరు రీడింగులు. గుర్తులు సరిగ్గా కొస మీదుండవు, కాబట్టి ముందు వాటిని కొసకి సవరించాలి. ఓడ మధ్యలో ఒంగి ఉంటాది, అందుకని మధ్య రీడింగుని ఆరు రెట్లు చేసి ముందు వెనకలు కలిపి ఎనిమిదితో భాగించాలి. ట్రిమ్ (ముందు వెనకల లోతు తేడా) సవరణలు రెండు. ఆ తర్వాత నీళ్లు. ఓడ పుస్తకంలో పట్టికలు 1.025 సాంద్రతకి ఉంటాయి. వానాకాలంలో మేఘాద్రి గెడ్డ నీళ్లు లోపలి హార్బర్‌లోకి దిగితే హైడ్రోమీటర్ 1.020 చూపిస్తాది. 70,000 టన్నుల దగ్గర ఆ తేడా ఒక్కటే 341 టన్నులు. ఇంకా బల్లాస్ట్ ట్యాంకుల పట్టికలు ఒక్కో ఓడకీ ఒక్కో రకం. కొన్ని పుస్తకాల్లో మధ్య నుంచి ముందుకి ప్లస్, కొన్నిట్లో మైనస్. మా పాత ప్రోగ్రామ్ రాసినాయన ఇవన్నీ మాతో ఓడెక్కి చూసి రాశాడు. మీరు ఏసీ గదిలో కూర్చుని మూడొందల లైన్లలో రాస్తానంటే, మొదటి సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం మీరే పెట్టాలి.

చిన వాల్తేరు (మంగళవారం, రాత్రి 8.41)

ఉడత కాదు, ఏనుగే. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత చింతకాయ (మంగళవారం, రాత్రి 11.50)

ఈ దారిలో ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ని కాబట్టి నా రెండు మాటలు కూడా. కుర్రాళ్లకి వాస్మ్ ఆకాశంలోంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది గానీ, దీని వెనక పెద్ద వరసుంది.

1996లో యాక్టివ్ఎక్స్ వచ్చింది. నేటివ్ కోడ్‌ని, అంటే చిప్ నేరుగా నడిపే మెషీన్ కోడ్‌ని, నేరుగా బ్రౌజర్‌లోకి తెచ్చేవారు, కట్టడి అంటూ ఏం లేదు, సంతకం చూసి నమ్మడమే. 2008 డిసెంబరులో గూగుల్ నేటివ్ క్లయింట్ ప్రకటించింది. ఎన్‌ఏసీఎల్ అని పొట్టి పేరు, అంటే ఉప్పు. అది బ్రౌజర్‌తో మాట్లాడే ఇంటర్‌ఫేస్ పేరు పెప్పర్, మిరియాలు. ఎవరో భోజనప్రియులే పెట్టుంటారు.

దాని నిర్మాణం చూడముచ్చటగా ఉండేది. పేజీలో ఎంబెడ్ ట్యాగు. అది ఒక మేనిఫెస్ట్ ఫైల్ని చూపిస్తుంది. ఆ మేనిఫెస్ట్‌లో 32 బిట్ల ఇంటెల్‌కి ఈ ఫైలు, 64 బిట్లకి ఈ ఫైలు, ఏఆర్‌ఎమ్‌కి ఈ ఫైలు అని రాసుంటుంది. బ్రౌజర్ తన చిప్‌ది ఎంచుకుని తెచ్చుకుంటుంది. అది అచ్చమైన మెషీన్ కోడే, కానీ నడపడానికి ముందు వాలిడేటర్ దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదువుతుంది. ఇంటెల్ మీద కోడంతా 32 బైట్ల మూటలుగా ఉండాలి, ఏ ఇన్‌స్ట్రక్షనూ రెండు మూటల మధ్య పడకూడదు, లెక్కగట్టి దూకే ప్రతి దూకుడూ మూట మొదట్లోనే దిగాలి. అలా ఉంటేనే దొంగదారిలో మధ్యకి దూకి వేరే అర్థం వచ్చే కోడు నడపడం కుదరదు. సిస్టమ్ కాల్ కనిపిస్తే అసలు లోపలికే రానివ్వదు. పేజీకీ మాడ్యూల్‌కీ మధ్య మాటలన్నీ పోస్ట్ మెసేజ్ ఉత్తరాల్లోనే. నువ్వు ఉత్తరం వేస్తావు, అటువైపు హ్యాండిల్ మెసేజ్ అనే ఫంక్షన్ అందుకుంటుంది, జవాబు మరో ఉత్తరం.

2013 నవంబరులో క్రోమ్ 31తో పీనాకిల్ వచ్చింది. చిప్‌కో ఫైలు బదులు ఎల్ఎల్‌వీఎమ్ బిట్‌కోడ్ ఒక్కటే పంపితే వినియోగదారు దగ్గరే మెషీన్ కోడ్‌గా మారేది. అప్పట్లో నేను చేస్తున్న ఓ మ్యాపుల ప్రోగ్రామ్‌ని దాంట్లోకి దించాను, పద్నాలుగు నెలల పని. మిగతా బ్రౌజర్లేవీ దాన్ని తీసుకోలేదు. మొజిల్లా వాళ్లు అదే ఏడాది ఏఎస్ఎమ్ డాట్ జేఎస్ అని వేరే దారి పట్టారు. జావాస్క్రిప్ట్‌లోనే ఓ ఇరుకు భాగం తీసుకుని, ప్రతి అంకె పక్కనా "లేదా సున్నా" అని ఓ గుర్తు పెట్టి ఇది పూర్ణాంకమే అని ఇంజిన్‌కి సైగ చెయ్యడం. చూడ్డానికి వికారం. కానీ అది మామూలు జావాస్క్రిప్ట్ కాబట్టి ఏ బ్రౌజర్‌లోనైనా నడిచింది, ఫైర్‌ఫాక్స్ 22లో వేగంగా నడిచింది. 2015 జూన్‌లో అందరూ కలిసి వెబ్ అసెంబ్లీ అన్నారు, 2017 నవంబరుకి నాలుగు పెద్ద బ్రౌజర్లలోకీ వచ్చేసింది, 2019 డిసెంబరులో డబ్ల్యూ త్రీ సీ ప్రమాణం అయింది. 2017 మేలోనే పీనాకిల్‌ని మానుకోమని ప్రకటన వచ్చింది. గూగుల్ ఎర్త్ అంతటిది కూడా 2017లో నేటివ్ క్లయింట్ మీద క్రోమ్‌లో మాత్రమే మొదలై, తర్వాత వెబ్ అసెంబ్లీకి మారింది. నా మ్యాపులు మారలేదు. తప్పు నాదే, ఒక్క బ్రౌజర్ తీసుకున్న దాన్ని నమ్ముకుని పెప్పర్ పిలుపుల్ని ప్రతి ఫైల్లోనూ చల్లేశాను, మిరియాలు చల్లినట్టే. లెక్క ఒకచోట, బ్రౌజర్‌తో మాట్లాడేది ఒకచోట ఉంచి ఉంటే పద్నాలుగు నెలల్లో పన్నెండు మిగిలేవి.

అందుకే రుషికొండ అమ్మాయి చెప్పిన గీత దగ్గర పిసినారిగా ఉండు బాబూ.

లంగరు (శుక్రవారం, రాత్రి 9.15)

మూడు రోజులు కనపడలేదు, క్షమించండి. గీత గీశాను. లెక్క కట్టే ఫంక్షన్ ఒక్కటే బయట పెట్టాను. మొదట అది కనపడనే లేదు, చివరికి ఎక్స్‌టర్న్ సీ పెట్టకపోవడం వల్ల కంపైలర్ పేరు మార్చేసిందని తెలిసింది. పైగా ఎవరూ పిలవట్లేదని చెప్పి ఆప్టిమైజర్ మొత్తం తీసి పారేసింది. తీసెయ్యొద్దని చెప్పే కీప్‌అలైవ్ గుర్తు పెట్టాక నిలబడింది.

ఇప్పుడు కొత్త గొడవ. చిన్న ఓడలకి సరిగ్గా వస్తోంది. పెద్ద పట్టికలున్న ఓడ తెరిస్తే జవాబు చోట "నాన్" (అసలు అంకే కాదని అర్థం) అని పడుతోంది. అదే పేజీలో మళ్లీ నొక్కితే మాత్రం సరిగ్గా వస్తోంది. మా బాసు "రెండుసార్లు నొక్కమని చెప్పేద్దాం" అంటున్నారు.

రుషికొండ గాలి (శుక్రవారం, రాత్రి 9.50)

మీ బాసుకి నమస్కారం చెప్పు. మెమరీ పెరగనిచ్చే ఆప్షన్ పెట్టావా? జావాస్క్రిప్ట్ వైపు హీప్ ఎరేని (ఆ బైట్ల వరసని చూపించేదాన్ని) ఓ వేరియబుల్‌లో దాచుకుని వాడుతున్నావా? ఆ నాలుగు లైన్లు పెట్టు.

లంగరు (శుక్రవారం, రాత్రి 10.05)

రెండూ అవును. కోడు ఇక్కడ పెడితే ఫోరం అక్షరాలన్నీ చెడగొడుతోంది, మాటల్లో చెబుతా. ముందు మాడ్యూల్ హీప్‌ని "పట్టిక" అనే వేరియబుల్‌లోకి తీసుకున్నా. తర్వాత మాల్లాక్ పిలిచి చోటు తీసుకున్నా. "పట్టిక"లోకి అంకెలన్నీ కాపీ చేశా. తర్వాత లెక్క ఫంక్షన్ పిలిచా.

రుషికొండ గాలి (శుక్రవారం, రాత్రి 10.12)

దొరికింది. మొదటి మెమరీ డీఫాల్ట్‌గా 16 మెగాబైట్లు. పెద్ద ఓడకి మాల్లాక్ అడిగేసరికి అది చాలక మెమరీ పెరిగింది. పెరిగినప్పుడు పాత ఎరే బఫర్ తెగిపోతుంది, కొత్తది వస్తుంది. నీ "పట్టిక" ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉంది, దాని పొడవిప్పుడు సున్నా. దాంట్లోకి రాసినవి గాల్లో కలిసిపోయాయి, ఎర్రర్ కూడా రాదు. రెండోసారి నొక్కినప్పుడు మెమరీ అప్పటికే పెరిగి ఉంది కాబట్టి సరిగ్గా వచ్చింది. మాల్లాక్ అయ్యాకే హీప్‌ని అడుగు. ప్రతిసారీ కొత్తగా అడుగు, దాచుకోకు.

లంగరు (శుక్రవారం, రాత్రి 10.31)

అంతే అక్కా! రెండు లైన్లు అటూ ఇటూ మార్చా, అయిపోయింది. మూడు రోజులు జుట్టు పీక్కున్నాను.

కంచరపాలెం ట్రాక్ (శనివారం, ఉదయం 11.00)

కొత్తగా చేరాను, ఓ పిచ్చి ప్రశ్న. సీ పాయింటర్లతో ఎక్కడికైనా రాయొచ్చు కదా. ఎవడో వెబ్‌సైట్ వాడు ఇలా రాసి నా ఫోన్‌లో ఫోటోలు లాక్కోడా?

పాత చింతకాయ (శనివారం, మధ్యాహ్నం 12.20)

పిచ్చి ప్రశ్న కాదు. పాయింటర్ ఎంత పిచ్చిగా తిరిగినా ఆ బైట్ల వరస దాటదు. మామూలు వాస్మ్‌లో చిరునామా 32 బిట్లే కాబట్టి మహా అయితే 4 గిగాబైట్ల లోపు తిరుగుతుంది. 64 బిట్ల యంత్రాల మీద బ్రౌజర్లు మామూలుగా ఆ మేర చిరునామాలన్నీ ముందే ప్రత్యేకించి, వాడని భాగానికి తాళం వేసి ఉంచుతాయి. గీత దాటితే ప్రాసెసరే పట్టుకుంటుంది. కోడు ఆ మెమరీలో ఉండదు, కాబట్టి తన కోడ్‌ని తనే మార్చుకోలేదు. ఫంక్షన్ పాయింటర్ కూడా చిరునామా కాదు, ఒక పట్టికలో వరస సంఖ్య, పిలిచేటప్పుడు టైపు కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది.

అయితే బయటివాళ్లకి రక్షణే గానీ నీ ప్రోగ్రామ్‌ని నీ నుంచి ఎవరూ కాపాడరు. లోపల ఒక ఎరే దాటి రాస్తే పక్క ఎరే పాడవుతుంది. నల్ పాయింటర్‌లోకి రాసినా కూలిపోదు, ఎందుకంటే సున్నా కూడా అక్కడ మంచి చిరునామాయే.

కోడ్ పకోడి (శనివారం, మధ్యాహ్నం 12.34)

ఆ మాటకొస్తే లంగరు తమ్ముడూ, నీ పాత కోడ్‌లో ఫంక్షన్ లోపలే పెద్ద ఎరేలు పెట్టారేమో చూసుకో. ఎమ్‌స్క్రిప్టెన్ స్టాక్ (అలాంటి లోకల్ ఎరేలు ఉండే చోటు) ఒకప్పుడు 5 మెగాబైట్లు ఉండేది, 3.1.27 వెర్షన్ నుంచి 64 కిలోబైట్లకి తగ్గించారు. విండోస్‌లో మెగాబైటు అలవాటైన కోడ్‌కి ఇది అగ్గిపెట్టె.

లంగరు (శనివారం, సాయంత్రం 4.48)

ఉందన్నా. నాలుగొందల వరసలు, నలభై నిలువులు, డబుల్స్. అంటే 1,28,000 బైట్లు, ఒకే ఫంక్షన్‌లో. డీబగ్ బిల్డ్ చేస్తే వెంటనే స్టాక్ దాటిందని అరిచింది. ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌లో నోరు మూసుకుని నడుస్తోంది, అదే భయమేసింది. స్టాక్ సైజు పెంచేశాను.

ఇంకో రెండు సంగతులు. ఓడల పట్టికలు మెమరీ ఫైల్ సిస్టమ్‌లో పెట్టాను, రిఫ్రెష్ కొడితే సర్వేయర్ రాసుకున్నవన్నీ పోతున్నాయి. పైగా యాంకరేజ్‌లో సిగ్నల్ ఉండదు. అక్కడ అసలు పేజీ తెరుచుకుంటుందా?

రుషికొండ గాలి (శనివారం, సాయంత్రం 5.30)

మొదటిదానికి ఐడీబీఎఫ్ఎస్. ఆ ఫోల్డర్ని బ్రౌజర్ లోపలుండే ఇండెక్స్డ్ డీబీకి కట్టి, మొదలెట్టేటప్పుడు సింక్ ఎఫ్ఎస్‌ని ట్రూతో పిలువు, అక్కణ్నుంచి మెమరీలోకి వస్తుంది. సేవ్ చేసినప్పుడల్లా ఫాల్స్‌తో పిలువు, మెమరీ నుంచి అక్కడికెళ్తుంది. ఈ రెండూ తారుమారు చెయ్యనివాణ్ని నేనింకా చూళ్లేదు. రెండోదానికి సర్వీస్ వర్కర్, నెట్ లేకపోయినా దాచిన ఫైళ్లు అందిస్తుంది. మూడు ఫైళ్లనీ, పట్టికల ప్యాకెట్‌నీ ఒడ్డున ఉన్నప్పుడే క్యాష్‌లో పెట్టేస్తే చాలు. హెచ్‌టీటీపీఎస్ మాత్రం తప్పనిసరి. థ్రెడ్ల జోలికి వెళ్లకు. వాటికి షేర్డ్ మెమరీ కావాలి, దానికి సర్వర్ నుంచి ప్రత్యేకంగా రెండు హెడర్లు పంపాలి. నీ లెక్కకి అదంతా దండగ.

లంగరు (బుధవారం, రాత్రి 8.05)

అన్నీ అయ్యాయి. పాత సర్టిఫికెట్లు 212 తీసి, అవే రీడింగులు కొత్తదానికి ఇచ్చి పోల్చాను. 211 టన్నుతో సహా కలిశాయి. ఒక్కటి మాత్రం పాతది 48,216, కొత్తది 48,215. రెండు రోజులుగా ఈ ఒక్క టన్ను కోసం వెతుకుతున్నా. కోడు అదే, రీడింగులు అవే.

పాత చింతకాయ (బుధవారం, రాత్రి 8.40)

పాత ఎగ్జీ దేంతో కంపైల్ చేశారు?

లంగరు (బుధవారం, రాత్రి 8.44)

మింగ్-డబ్ల్యూ, 32 బిట్లు, అప్పటి జీసీసీ కంపైలర్.

పాత చింతకాయ (బుధవారం, రాత్రి 9.10)

అయితే నీ టన్ను దొరికింది. 32 బిట్ల ఇంటెల్ మీద ఆ జీసీసీ దశాంశాల లెక్కని డీఫాల్ట్‌గా ఎక్స్ 87 యూనిట్‌తో చేయిస్తుంది. అది లోపల 80 బిట్లతో లెక్కకట్టి, మెమరీలో పెట్టేటప్పుడే 64కి కుదిస్తుంది. వెబ్ అసెంబ్లీలో ఉన్నవి 32, 64 బిట్ల దశాంశాలే, ప్రతి అడుగులోనూ 64కే కుదిస్తుంది. మామూలుగా తేడా ఎక్కడో పదిహేనో అంకెలో ఉంటుంది, ఎవరికీ కనపడదు. నీ ఓడ సరిగ్గా 48,215.5 గీత మీద కూర్చుని ఉంటుంది. ఒకరు గీతకి వెంట్రుకవాసి పైన, ఇంకొకరు కింద. అర కలిపి పూర్ణాంకం చేసేసరికి టన్ను అయింది. రౌండ్ చేసే ముందు అంకెని పదిహేడు స్థానాలతో ప్రింట్ చెయ్యి.

లాంగ్ డబుల్ పెడితే పాతది వస్తుందనుకోకు. ఎమ్‌స్క్రిప్టెన్‌లో అది 128 బిట్లు, సాఫ్ట్‌వేర్‌తో లాక్కొచ్చే లెక్క. మూడో జవాబు రావచ్చు, నిదానం కూడా.

లంగరు (బుధవారం, రాత్రి 9.38)

కొత్తదాంట్లో 48,215.499999 అని మొదలై ఆ తొమ్మిదులు పోతూనే ఉన్నాయి. గురువుగారూ, సాష్టాంగం. మరి ఏది కరెక్టని బాసుకి చెప్పాలి?

డాల్ఫిన్ నోస్ (బుధవారం, రాత్రి 10.02)

ఒక్క టన్ను కోసమా బావూ రెండు రోజులు? పనామాక్స్ లాంటి పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు దిగితే 65 టన్నుల పైమాటే. ఔటర్ హార్బర్‌లో కెరటం ఊపుతుంటే, పడవలోంచి తలెత్తి గుర్తు చదివినప్పుడు సెంటీమీటరు అటూ ఇటూ నేనే చెప్పలేను. మీ బాసుకి నేను చెప్తాలే. రేపు పొద్దున్న ఐదింటికి ఓ బొగ్గు ఓడ ఉంది. పాత ల్యాప్‌టాపూ ట్యాబ్లెట్టూ రెండూ పట్టుకుని వచ్చీ.

లంగరు (గురువారం, మధ్యాహ్నం 2.25)

వెళ్లొచ్చాం. ఓడ దగ్గర ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు, పేజీ ఠక్కున తెరుచుకుంది. రెండింట్లోనూ ఒకే జవాబు. ల్యాప్‌టాప్ డెక్ మీద ఎండకి తెర కనపడక దాన్ని తువ్వాలు కప్పి చూడాల్సొచ్చింది. ట్యాబ్లెట్‌తో ఒకే ఇబ్బంది: వేళ్లకి బొగ్గు మసి ఉంటే దశాంశ బిందువు బటన్ పడట్లేదు, ఎనిమిదిన్నర మీటర్ల డ్రాఫ్ట్ 85 అయి కూర్చుంది. ప్రోగ్రామ్ దాన్ని కిమ్మనకుండా తీసుకుని లెక్క కట్టేసింది కూడా. ఓడ లోతుని మించిన డ్రాఫ్ట్ ఇస్తే ఒప్పుకోకూడదన్న తనిఖీ ఎటువైపు పెట్టాలి అక్కా, పేజీలోనా, సీ ప్లస్ ప్లస్‌లోనా?

రుషికొండ గాలి (గురువారం, మధ్యాహ్నం 2.50)

ఓడ లోతు పట్టిక ఎటువైపుంది?

లంగరు (గురువారం, మధ్యాహ్నం 2.52)

సీ ప్లస్ ప్లస్ వైపు. సరే, అర్థమైంది.